బరువు ఎప్పుడు పెంచాలో తెలిసినవాడు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో బండలాగుడు పోటీలకు ఎద్దుల జతను తోలుకొచ్చిన రైతును ముందు ఊరి పేరు అడుగుతారు, ఆ తర్వాత ఎద్దు నోరు తెరిపించి చూస్తారు. పళ్లను బట్టి వయసు కట్టి జతను ఏదో ఒక విభాగంలో వేస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, న్యూ కేటగిరీ, సీనియర్లు అని ఆ వరస. రెండు పళ్ల గిత్తల వెనక సీనియర్ల బండ కడితే గట్టు మీద కూర్చున్న జనమే ఊరుకోరు. ఇక గిత్తలను సాకే రైతు సంగతి చెప్పనక్కర లేదు. చిన్న బండతో మొదలుపెట్టి వారాల మీద బరువు పెంచుకుంటూ పోతాడు. ఉలవలు ఎన్ని పెట్టిందీ, నిన్న ఎంత దూరం లాగిందీ, ఏ కాలు కాస్త తేడాగా వేస్తోందీ ఆయనకు నోటికి వచ్చు. పొద్దున గిత్త మేత సరిగా ముట్టలేదంటే ఆ రోజు కాడి ఎత్తడు.

అదే రైతు కొడుకు ఆదోనిలో డిగ్రీ చదువుకుంటూ జిమ్‌లో చేరతాడు. మొదటి రోజే గుంజీలు, డంబెల్స్, బెంచ్ మీద పడుకుని ఎత్తే బరువులు అన్నీ అయిపోతాయి. మూడో రోజుకు రూము మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఆ నొప్పి చూసి కోచ్ సంతోషిస్తాడు, కుర్రాడూ సంతోషిస్తాడు. గిత్త పళ్లు చూసినవాళ్లు ఉన్నారు గానీ ఈ పిల్లోడి పళ్లు చూసినవాడు ఒక్కడూ లేడు.

వ్యాయామాలు ఇప్పుడు ఫోన్‌లో కావలసినన్ని, అదీ ఉచితంగా దొరుకుతున్నాయి. దొరకనిది మోతాదు. ఈ మనిషికి, ఈ వారం, ఎంత? కోచ్‌కు మనమిచ్చే ఫీజంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పినందుకే. జవాబు ఎందుకంత కష్టమో తెలియాలంటే ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

బరువు ఎత్తుతున్నంతసేపూ కండ పెరగదు, అలసిపోతుంది. దాని పోగుల మీద లాగుడు పడుతుంది, నిల్వ ఉన్న గ్లైకోజెన్ తరుగుతుంది, అలవాటు లేని పని అయితే పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న దెబ్బలు తగులుతాయి. పని ఆగిన తర్వాత ఒకటి రెండు రోజులపాటు కండరంలో కొత్త ప్రోటీన్ తయారీ మామూలు కంటే జోరుగా సాగుతుంది. తిండి, నిద్ర అందితే కండ పెరిగేది ఆ గడువులోనే. కొత్తగా చేరినవాళ్లకు వచ్చే నొప్పి కూడా వెంటనే రాదు. 12 నుంచి 24 గంటల్లో మొదలై రెండు మూడు రోజుల దాకా ఉంటుంది. బరువు ఎత్తేటప్పటికన్నా మెల్లగా దించేటప్పుడే అది ఎక్కువ పుడుతుంది. గుట్ట ఎక్కినవాడికి మర్నాడు తొడలు నొప్పి పెట్టేది ఎక్కినందుకన్నా దిగినందుకే ఎక్కువ. నొప్పి వచ్చిందంటే అలవాటు లేని పని చేశామని అర్థం. పని బాగా జరిగిందనడానికి అది సాక్ష్యం కాదు. అదే వ్యాయామం నాలుగు వారాలు చేసినవాడికి నొప్పి రాదు, బలం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. మొదటి నెలలో మనం మురిసిపోయే బలంలో ఎక్కువ భాగం కండది కాదు, నరాలది. మొరితాని, డివ్రీస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1979లోనే దీన్ని కొలిచి చూపించారు. ఉన్న కండనే మెదడు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండ దళసరి కావడం ఆ తర్వాత వస్తుంది. కండను ఎముకకు కట్టే టెండన్లు గట్టిపడడం ఇంకా ఆలస్యం. అంటే చేరిన రెండో నెలలో మనిషి ఎత్తగలిగే బరువు, అతని మోకాలి టెండన్ మోయగలిగిన దానికన్నా ముందుకు పోయి ఉండొచ్చు. ఎత్తగలుగుతున్నాడు కదా అని ఇంకో పలక వేసే కోచ్‌కు ఈ తేడా తెలియదు. తెలిసినవాడు, "ఇదే బరువు ఇంకో రెండు వారాలు చెయ్యప్పా" అంటాడు. కుర్రాడికి అది నచ్చదు.

బరువును కొలిచి పెంచడం అనే పద్ధతికి శాస్త్రీయమైన రూపం వచ్చింది జిమ్‌లో కాదు, ఆసుపత్రిలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యపు డాక్టరు థామస్ డిలోర్మ్ షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో పనిచేసేవాడు. మోకాళ్లు దెబ్బతిని తొడలు ఎండిపోయిన సైనికులకు అప్పటి వైద్యం తేలికైన కదలికలు చేయించడమే. చిన్నప్పుడు జబ్బుపడి, బరువులెత్తి తిరిగి బలం తెచ్చుకున్న మనిషి కనుక డిలోర్మ్ వాళ్లచేత బరువులు ఎత్తించాడు. పది సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువెంతో ఒక్కొక్కరికి విడిగా కనిపెట్టి, వారం వారం మళ్లీ కొలిచి, దాన్ని బట్టి పెంచాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మొదట్లో ఒక్క పూటకు 70 నుంచి 100 సార్లు ఎత్తించేవాడు. మూడేళ్లు తిరిగేసరికి వాట్కిన్స్ అనే ఇంకో డాక్టరుతో కలిసి అది ఎక్కువైందని తేల్చి 30కి దించాడు. మూడు సెట్లు, పదేసి సార్లు. మొదటి సెట్టు సగం బరువుతో, రెండోది ముప్పావు బరువుతో, మూడోది పూర్తి బరువుతో. ఆదోనిలో ఏ జిమ్‌కు పోయినా ఇవాళ వినపడే 'పది చొప్పున మూడు' అనే మాటకు మూలం అదే. సంఖ్య మిగిలింది. దాని వెనక ఉన్న కొలత, వారానికోసారి మళ్లీ చూసుకోవడం, ఎక్కువైందని తెలిసినప్పుడు తగ్గించడం చాలాచోట్ల జారిపోయాయి.

మోతాదు బాగా తప్పితే ఏమవుతుంది? అలవాటు లేనివాడిచేత మొదటి రోజే ఆగకుండా వందల గుంజీలు తీయిస్తే కండరపు పోగులు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. మామూలు ఒళ్లు నొప్పులకన్నా మించిన నొప్పి, వాపు, నీరసం, టీ డికాక్షన్ రంగులో మూత్రం దీని గుర్తులు. రంగు మారిందంటే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ఎండాకాలంలో, నీళ్లు తక్కువ తాగినవాళ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. అరుదైనదే, కానీ కోచ్ అనేవాడు ఈ పేరు విని ఉండాలి.

ఆదోని, ఎమ్మిగనూరు ఊళ్లలో కోచ్ అడగాల్సిన మొదటి ప్రశ్న నా లెక్కలో బరువు, ఎత్తు కావు. "ఏం పని చేస్తారు?" అన్నది.

ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు సీజన్‌లో పొద్దున్నే పోయి చూడండి. హమాలీ కొక్కెంతో బోరెం లాగి, వంగి, వీపు మీదికి తీసుకుని లారీ పలక ఎక్కుతాడు. దించుతాడు, మళ్లీ వస్తాడు. అక్కడికి కాస్త దూరంలో కమీషన్ దుకాణంలో గద్దె మీద సేటు పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునే ఉంటాడు. ఇద్దరికీ నడుం నొప్పే, ఇద్దరికీ బీపీ ఉండొచ్చు. ఇద్దరికీ ఒకే చార్టు రాసిచ్చే కోచ్ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

హమాలీకి వ్యాయామం ఎందుకు, పనే వ్యాయామం కదా అని మనవాళ్లంటారు. డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం ఏళ్ల తరబడి వెతికింది సరిగ్గా దీన్నే. తీరిక వేళల్లో ఒళ్లు వంచేవాళ్లకు గుండెజబ్బులు తక్కువ. ఉద్యోగంలో ఒళ్లు వంచేవాళ్లలో చాలా అధ్యయనాల్లో ఆ లాభం కనిపించలేదు, కొన్నిట్లో ముప్పే ఎక్కువగా కనిపించింది. వాళ్లు ఇచ్చే వివరణల్లో ఒకటి, పనిలో మనిషి గంటల తరబడి గుండె వేగాన్ని, రక్తపోటును పెంచే ఉంచుతాడు, కోలుకునే సమయం తన చేతిలో ఉండదు. పేదరికం, పొగాకు, తిండి ప్రభావాలను పూర్తిగా విడదీయడం కష్టమన్న వాదన కూడా ఉంది, అదీ సబబైనదే. ఏమైనా సీజన్‌లో రోజంతా బోరేలు మోసిన మనిషి సాయంత్రం జిమ్‌కు వస్తే బరువు ఎత్తించడం తెలివైన పని కాదు. సీజన్ లేని నెలల్లో తుంటి మీద వంగి, వీపు తిన్నగా ఉంచి ఎత్తడం నేర్పితే సీజన్‌లో అతని నడుముకు అది పనికొస్తుంది.

ఎమ్మిగనూరులో ప్రశ్న మారుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. గుంట మగ్గంలో కూర్చున్న మనిషిని పక్కనుంచి చూస్తే కాళ్లు కింద గుంటలో తొక్కుళ్ల మీద ఉంటాయి, తల ముందుకు వాలి పోగు తెగిందేమోనని చూస్తుంటుంది, భుజాలు ముందుకు ముడుచుకుని ఉంటాయి. ఇలా ముప్పై ఏళ్లు నేసినవాడు జిమ్‌కు వస్తే, అక్కడ అందరూ మోజుపడే ఛాతీ బెంచ్ మీద పడుకోబెట్టడం అతనికి చివరిగా చేయించాల్సిన పని. ముందు వీపు పైభాగాన్ని వెనక్కు లాగే కండరాలు, పిరుదులు, తుంటి వెనక భాగం, తర్వాత నడక. కుడిచెయ్యి ఎక్కువ వాడతావా, ఎడమదా? రోజుకు ఎన్ని గంటలు? మధ్యలో లేస్తావా? ఈ మూడూ అడగకుండా అతనికి చార్టు రాయడం కుదరదు. రాసినవాడు వేరే ఎవరికో రాసింది ఇచ్చాడని అర్థం.

ఇక తెల్లవారుజామున వీవర్స్ కాలనీ మైదానం లాంటి చోట్ల పరుగెత్తే కుర్రాళ్ల సంగతి. కానిస్టేబుల్ పరీక్షకో, ఆర్మీకో. రెండింటిలోనూ 1600 మీటర్లే. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలకు 8 నిమిషాలు, అంటే 400 మీటర్ల చుట్టుకు రెండు నిమిషాలు. నోటిఫికేషన్ పడిన రోజు నుంచి పరుగు మొదలు. రోజూ అదే 1600, రోజూ ప్రాణం పెట్టి, రోజూ టైము చూసుకుని. మూడో వారానికి సగం మంది మోకాలికీ మడమకూ మధ్య పట్టుకుని గట్టు మీద కూర్చుంటారు.

ఇక్కడ మంచి కోచ్ చేసే పని చాలా చిన్నది. కుర్రాడిని కూర్చోబెట్టి, పిక్క ముందున్న పెద్ద ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ వస్తాడు. నాలుగైదు అంగుళాల మేర అంతటా నొప్పి అంటే అది ఎముక మీది పొర రేగడం. పరుగు తగ్గిస్తే కొన్ని వారాల్లో దారికి వస్తుంది. రూపాయి బిళ్లంత చోట, ఒక్క చోటే, వేలు పెడితే ఎగిరిపడేంత నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. అప్పుడు పరుగు ఆపించి ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాలి. మొదటి వారాల ఎక్స్‌రేలో ఈ పగులు కనపడకపోవడం మామూలే. "ఎక్స్‌రే బాగుంది, పరిగెత్తు" అన్న కోచ్ వల్ల ఒక రిక్రూట్‌మెంట్ మొత్తం పోతుంది.

పరుగు పెంచడంలో వారానికి పది శాతం అనే సూత్రం బాగా ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త రన్నర్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పది శాతం లెక్కన మెల్లగా, ఇంకో గుంపుకు మామూలుగా పెంచి చూస్తే గాయాల్లో తేడా రాలేదు. 2008లో వచ్చిందా ఫలితం. కాబట్టి సూత్రం బట్టీ పెట్టినవాడికన్నా పిల్లవాడి కాలు చూసేవాడు మేలు. వారంలో ఎక్కువ పరుగులు పక్కవాడితో మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగే వేగంలో ఉండాలి. ఒకటి రెండు రోజులే గట్టిగా. ఈ మాట చెప్పే కోచ్ దగ్గర కుర్రాళ్లు నిలవరు, గట్టిగా అరిచేవాడి వెంట పోతారు. ఈ వృత్తిలో ఉన్న పెద్ద చిక్కు ఇదే అనుకుంటాను. మంచి పని చేసేవాడు మెతకగా కనిపిస్తాడు.

ఆడవాళ్ల బ్యాచ్‌లో వేరే లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో పదిమందికి సుమారు ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోయి వచ్చే కూలీ అమ్మకే కాదు, టౌనులో టీచరమ్మకూ ఇది ఉంటుంది. రెండు నిమిషాలకే ఆయాసపడి కూర్చున్న మనిషిని "స్టామినా లేదక్కా, ఇంకో రౌండ్" అని తరమడం తేలిక. "అక్కా, ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకుని రా, అందాక మెల్లగా నడుద్దాం" అనడానికి కాస్త చదువు కావాలి. రక్తంలో ప్రాణవాయువును మోసేది చాలకపోతే ఏ చార్టూ పనిచేయదు. అది సరిచేసుకున్న తర్వాత బరువులు ఆడవాళ్లకు తప్పకుండా కావాలి. నెలసరి ఆగిన తర్వాత ఎముక పలచబడడాన్ని అడ్డుకునే కొద్ది మార్గాల్లో అదొకటి. బరువులెత్తితే మగవాళ్లలా అవుతామన్న భయానికి ఆధారం లేదు.

కోచ్‌ను ఎంచుకునేటప్పుడు మనవాళ్లు మొదట చూసేది కోచ్ కండలు. ఆ తర్వాత ఆయన తయారుచేసిన ఛాంపియన్లు. రెండూ తప్పుదారి పట్టించేవే. ఆయన కండ ఆయన వయసుది, ఆయన తల్లిదండ్రులది, ఆయన తీరికది. యాభై ఏళ్ల షుగర్ మనిషిని నడిపించగలడా లేదా అన్నది ఆ చేతుల్లో కనపడదు. ఛాంపియన్ల సంగతికి వస్తే పుల్లెల గోపీచంద్ గురించి చెప్పుకోవాలి. మోకాలి ఆపరేషన్ల తర్వాత కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన మనిషి, 2008లో హైదరాబాద్‌లో అకాడమీ తెరిచాడు. అక్కడి సింధు 2016 రియోలో వెండి పతకం తెచ్చింది. ఆటకు ముందు నెలల్లో ఆమె ఫోన్ తీసేసుకున్నారని, ఐస్‌క్రీమ్ మాన్పించారని పత్రికలన్నీ రాశాయి. అది చదివి ఆదోని జిమ్‌లో గుమాస్తా చేత ఐస్‌క్రీమ్ మాన్పించడం మొదలైంది. ఒలింపిక్స్ ఆడే ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయికి నెలల తరబడి పెట్టే కట్టడి వేరు, దుకాణం మూసి రాత్రి ఎనిమిదికి వచ్చే మనిషికి పదేళ్లు నిలిచే అలవాటు వేరు. రెండో పనికి కావాల్సిన ఓర్పు మొదటి పనికి కావాల్సిన దానికన్నా తక్కువేం కాదు.

పై స్థాయిలో కూడా కోచ్ పని చివరికి ఎన్ని కిలోలు అన్నదాని దగ్గరికే వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తారు. మొత్తం 240. ఆమె ముందున్న ఇద్దరివీ 242.5 చొప్పున. మూడో ప్రయత్నానికి బార్ మీద ఉన్నది 137.5 కిలోలు, అది లేవలేదు. 135 లేచి ఉంటే మొత్తం 245 అయ్యేదని మనం ఇంట్లో కూర్చుని లెక్క వేయగలం. ఆ నిమిషంలో వేదిక వెనక ఉన్నవాళ్లకు ఏ లెక్క కనిపించిందో బయటివాళ్లం చెప్పలేం. కంచు పతకమే చరిత్ర అయింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడ. రెండున్నర కిలోల తేడా మీద ఎంత ఆధారపడి ఉంటుందో చూపడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మన తెలుగునేల మీద లేదు.

సర్టిఫికెట్ చూడాలా అంటే చూడాలి, కానీ దానితో సరిపెట్టుకోకూడదు. డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు జిమ్ ట్రైనర్‌కు మన దేశంలో చట్టబద్ధమైన లైసెన్సు లేదు. బీపీఈడీ చదివినవాళ్లు, 1961లో మొదలైన పటియాలా క్రీడా సంస్థలో డిప్లొమా చేసినవాళ్లు, ఆరు వారాల కోర్సు చేసినవాళ్లు, ప్రైవేటు సంస్థల ఆన్‌లైన్ పరీక్ష రాసినవాళ్లు, ఏదీ చేయనివాళ్లు అందరూ ఒకే టీషర్టు వేసుకుంటారు. మద్రాసులో 1920లో బక్ దొర పెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల దగ్గర్నుంచి మనకు డ్రిల్లు మాస్టర్ల పరంపర ఒకటి ఉంది. స్కూల్లో అరవై మంది పిల్లలను, అందులో బక్కవాడిని, లావుపాటివాడిని, గుండెజబ్బు పిల్లను కూడా కలిపి ముప్పై ఏళ్లు ఆడించి రిటైరైన పీఈటీ సారు మీ వీధిలో ఉంటే, ఫ్లెక్సీ మీద చొక్కా విప్పి నిలబడ్డ కుర్రాడికన్నా ఆయన్నే ముందు అడుగుతాను. అందరు సార్లూ అలా ఉండరనీ తెలుసు.

ప్రోటీన్ పొడి డబ్బాల సంగతి త్వరగా ముగిస్తాను. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు 1.6 గ్రాముల దాకా లాభం ఉంటుందని, ఆ పైన పెంచినా కండ పెరగదని 2018లో పలు ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి తేల్చింది. నూరు గ్రాముల కందిపప్పులో 22, బుడ్డల్లో 25 దాకా, ఒక్కో గుడ్డులో 6 ఉంటాయి. జొన్నరొట్టెలో కూడా ఉంది. ఒళ్లు పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో రాసింది. కోచ్ మీకు డబ్బా అమ్మితే దాని మీద ఆయనకు కమీషన్ ఉంటుంది, సలహా అడగాల్సిన మనిషి అప్పుడు దుకాణదారుడైపోయాడు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట, 'సైకిల్' మాట ఎత్తితే మాత్రం ఆ రోజే బయటికి రండి. బయటినుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే వృషణాలు తమ పని మానేస్తాయి, మళ్లీ మొదలుపెట్టడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది.

ఏప్రిల్, మే నెలల ఎండ కూడా మోతాదులో భాగమే. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందాక పని తగ్గించని కోచ్, ప్లాస్టిక్ జాకెట్ తొడిగి చెమట పట్టించి "చూడండి కిలో తగ్గారు" అనే కోచ్ ఒకే తెగ. పోయింది నీళ్లే, రెండు చెంబులు తాగితే తిరిగి వస్తుంది.

మరి ఎలా వెతకాలి? చేరే ముందు ఒక సాయంత్రం జిమ్‌లో ఊరికే కూర్చోవడానికి అనుమతి అడగండి. అక్కడ అందరికన్నా బలహీనంగా ఉన్న మనిషి ఎవరో చూసి, గంటసేపు కోచ్ ఆ మనిషి దగ్గరికి ఎన్నిసార్లు వచ్చాడో గమనించండి. అద్దం ముందు ఉన్న నలుగురు కండగాళ్ల చుట్టూనే తిరుగుతుంటే మీ వంతు వచ్చేది లేదు. ఏదైనా తప్పుగా చేస్తున్నవాడిని ఎలా సరిచేస్తున్నాడో చూడండి. బరువు తగ్గించి మళ్లీ చేయిస్తున్నాడా, "కమాన్" అని అరుస్తున్నాడా? ఆడవాళ్లను సరిచేసేటప్పుడు చెయ్యి వేసే ముందు అడుగుతున్నాడా?

తర్వాత మాట్లాడండి. మీరు చెప్పకముందే ఆయన ఏం అడుగుతాడో వినండి. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఇన్సులిన్ తీసుకుంటారా, ఏ మాత్ర, ఎన్ని గంటలకు? కొన్ని షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వేసుకుని ఖాళీ కడుపుతో వ్యాయామం చేస్తే చక్కెర పడిపోయి మనిషి కూలిపోవచ్చు. చేతులు వణికి చెమట పడితే ఏం చేయాలో ఆయనకు తెలిసి ఉండాలి. ఎప్పుడైనా మెట్లెక్కుతుంటే గుండెలో పట్టేసినట్టయిందా? ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్నారా? ఇవి అడిగి, అవసరమైతే "ముందు డాక్టర్‌ను కలిసి రండి పెద్దప్పా" అని చేతికొచ్చిన ఫీజు వదులుకున్నవాడు నమ్మదగినవాడు. "మూడు నెలల్లో ఇరవై కిలోలు గ్యారంటీ" అన్నవాడికి ఇవేవీ అక్కర్లేదు.

ఆయన దగ్గర నోటుబుక్కు ఉందేమో చూడండి. పేరు, తారీకు, ఎంత బరువు, ఎన్నిసార్లు, ఆ రోజు మీకు ఎంత కష్టంగా అనిపించింది. ఆ చివరి గడిని తేలిగ్గా తీసేయకండి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ మనిషి తానే చెప్పే 'ఎంత కష్టం' అన్న అంకె గుండె వేగంతో బాగానే సరిపోతుందని చూపించి, 6 నుంచి 20 దాకా ఒక కొలబద్ద తయారుచేశాడు. అందులో 13 అంటే 'కొంచెం కష్టంగానే ఉంది' అని. నిన్న 13 అనిపించిన బరువు ఇవాళ 17 అనిపిస్తే రాత్రి నిద్ర లేదేమో, జ్వరం వస్తోందేమో. ఆ రోజు తగ్గించాలి. నోటుబుక్కు లేకుండా ముప్పై మంది మోతాదులు తలలో పెట్టుకునే మనిషిని నేనింకా చూడలేదు.

ఇంకొకటి మొహమాటం లేకుండా అడగండి. ఎవరైనా ఇక్కడ కుప్పకూలితే ఏం చేస్తావు? 108కి ఫోన్ చేయించి, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా ఉండడం నేర్చుకుని ఉండాలి. చేసి చూపించమంటే దిండు మీద చూపించగలగాలి. "అలాంటివి ఇక్కడ జరగవు సార్" అంటే ఆ జవాబు మీకు చాలు.

ఫీజు ఏడాదికి ఒకేసారి కడితే సగానికి సగం తగ్గింపు అంటారు. కట్టకండి. ఇక్కడ ఏడాది సాఫీగా నడవదు. పత్తి తీసే రోజులు వస్తాయి, మార్కెట్ సీజన్ వస్తుంది, ఉరుకుంద జాతర వస్తుంది, పెళ్లిళ్లు వస్తాయి. ఆ వారాల్లో మీరు రాలేరని మొదటి రోజే చెప్పండి. "అట్లయితే ఏమొస్తుంది సార్, కంటిన్యూగా రావాలి" అంటే ఇంకో జిమ్ చూసుకోండి. కాసేపు ఆలోచించి, ఇంట్లో వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు చేసుకోవడానికి నాలుగు వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చి, తిరిగి వచ్చిన మొదటి వారం ఏ బరువుతో మొదలుపెట్టాలో కూడా ముందే తగ్గించి రాసిపెట్టేవాడైతే, ఒక నెల ఫీజు కట్టి చేరండి.